సభ కోసం ఆగిన వార్త

కిందటి వారం, పిన్ని "సరే, వస్తాను" అన్న చోట మనం ఆగాం. ఆ ఒక్క మాట రాబట్టడానికి కొత్తమ్మాయి ఆసుపత్రి వరండాలో ఎంత అవస్థ పడిందో చూశాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆ ఊళ్ళో పాఠకుల చందాల మీద నడిచే చిన్న పత్రిక ఒకటుంది. లాభాపేక్ష లేదు, ప్రకటనలు వెయ్యదు. అందుకే ఏటా ఒక పెద్ద సభ పెట్టి చందాదారులను కూడగట్టుకుంటుంది. ఆ సభలూ సమావేశాలూ చూసే విభాగంలో ఈ అమ్మాయి ఇంటర్న్‌గా చేరింది. నెలలు గడిచిపోయినా ఆఫీసులో అందరికీ ఆమె ఇంకా కొత్తమ్మాయే. ఉండేది పిన్నీ బాబాయిల ఇంట్లో. పడక హాల్లో, మడతమంచం మీద. బాబాయి స్కూలు వ్యాను నడుపుతాడు. తాముండే ఎత్తైన భవనంలో లిఫ్టు తాడు పోగులు పోగులుగా విడిపోతోందని ఆయన కంటపడింది. వాచ్‌మన్‌ని బతిమాలుకుని పైన మోటారు గదిలోకి ఎక్కి ఫొటోలు తీశాడు. మన అమ్మాయి పత్రికలోనే ఉంది కదా, వేయిస్తుంది అని అందరికీ చెప్పుకున్నాడు. వార్త రాలేదు. లిఫ్టు పడిపోయింది. లోపల ఉన్న ముగ్గురిలో ఇద్దరు అక్కడికక్కడే పోయారు. మూడో మనిషి బాబాయి. ఆ రోజు నుంచి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు.

సభ మాత్రం ఆగలేదు. ఆ వేదిక మీద బాధితురాలిగా పిన్ని మాట్లాడబోతోంది. వార్త ఎందుకు రాలేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

*

హాలు మధ్యాహ్నానికే పెళ్ళిపందిరిలా హడావిడిగా ఉంది. గుమ్మం దగ్గర నిలబెట్టిన బ్యానరు గాలికి రెండుసార్లు బోర్లా పడితే కొత్తమ్మాయి దాని కాళ్ళకు ఇటుకలు కట్టింది. వేదిక మీద వైర్లు ఎవరి కాలికీ తగలకుండా నల్ల టేపు అతికించింది. మెడలో వేసుకునే కార్డులను బల్ల మీద వరసగా పరిచింది. ముందు వరస పెద్ద చందాదారులది. ఆ కుర్చీలకు తెల్లటి గుడ్డ కవర్లు తొడగమని మేడమ్ పొద్దుటే చెప్పింది. మిగతా కుర్చీలు ప్లాస్టిక్‌వి, వాటిని అలాగే వదిలేయమంది.

ఈవెంట్స్ విభాగానికి పెద్ద ఆవిడే. అందరూ మేడమ్ అంటారు. గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు. చెయ్యాల్సిన పని చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ భుజం మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి వేసినప్పుడల్లా పని కష్టమైనదని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ పొద్దున ఆవిడ కొత్తమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, తెర మీద చూపించే స్లైడ్లలోంచి లిఫ్టు తాడు ఫొటోలు తీసేయమంది. ఎందుకని కొత్తమ్మాయి అడగలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటీ తీసేసింది. ఒక ఫొటోలో అంచున బాబాయి బొటనవేలు పడింది. దాన్ని తీసేసేటప్పుడు మాత్రం ఒక క్షణం చెయ్యి ఆగింది. తర్వాత అదీ పోయింది.

సాయంత్రం కాకముందే పిన్ని వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో మందుల సంచి అలాగే ఉంది. బట్టలు మాత్రం ఇస్త్రీవి. వేదిక వెనక చిన్న గదిలో, అద్దం ముందు కుర్చీలో అంచుకు కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే రెండు గుక్కలు తాగి సీసా మూత జాగ్రత్తగా బిగించింది. తన కూతురు, కొత్తమ్మాయికి చెల్లెలు, తండ్రి దగ్గరే ఉందనీ, డాక్టర్లు పెద్దగా ఏమీ చెప్పడం లేదనీ చెప్పింది. ఆ తర్వాత కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేనొకటి అడగాలనుకుంటున్నానమ్మా, స్టేజీ మీద."

"ఏంటి పిన్నీ?"

"మీ బాబాయి ఫొటోలు నీకు పంపానన్నారు. నువ్వు తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చే ఉంటావు. ఆ తర్వాత దాన్ని ఎవరు ఆపారో నాకు తెలియాలి. నిన్ను అడిగితే నీ ఉద్యోగానికి ఇబ్బందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. అందరి ముందూ వాళ్ళనే అడిగేస్తే నీకే గొడవా ఉండదు కదా?"

బయట ఎవరో పిలుస్తున్నారని చెప్పి కొత్తమ్మాయి లేచింది.

*

మేడమ్ ముందు వరసలో ఉంది. తెల్ల కుర్చీల వీపులకు పేర్ల చీటీలు అతికిస్తోంది. కొత్తమ్మాయి వెళ్ళి, పిన్నిని వేదిక ఎక్కించవద్దని బతిమాలింది. ఒంట్లో బాగాలేదంది. నిద్రలేదంది. మాట తడబడుతుందేమోనంది. మేడమ్ అన్నీ వింటూనే రెండు చీటీలు అతికించింది.

"అసలు సంగతి చెప్పు."

"వార్త ఎందుకు ఆపారని అడుగుతుందట."

"అడగనివ్వు. మంచి ప్రశ్నే."

"మనమేం చెప్తాం మేడమ్?"

మేడమ్ చేతిలో చీటీలు కుర్చీలో పెట్టి ఆమె వైపు తిరిగింది. "మనం అంటే ఎవరు?"

కుర్చీలోంచి ఒక చీటీ జారితే కొత్తమ్మాయి వంగి తీసింది.

"ఆ సోమవారం మీటింగ్ నీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తుంది. రిపోర్టరు ఈ వారమే వేసేద్దామన్నాడు. ఎడిటర్ గారు సరేనన్నారు. నేను నోరు కూడా తెరవలేదు. అప్పుడు గోడ వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరిది అది?"

ఎవరిదో కొత్తమ్మాయికి తెలుసు. ఆ రోజు దాకా ఆమె మీటింగుల్లో గోడకు ఆనుకుని నిలబడేది. బల్ల దగ్గర ఆమెకు కుర్చీ ఉండేది కాదు. సభకు మొదటి అంశంగా ఏం పెట్టాలో తోచక అందరూ తల పట్టుకుని కూర్చున్నారు. లిఫ్టు వార్తను సభ దాకా దాచుకుందామనీ, ఇంకా ఎక్కడా రాని వార్తను వేదిక మీద, ఫొటోలు పెద్ద తెర మీద వేసి చెబితే జనం కదిలిపోతారనీ ఆమే అంది. అనేశాక తనకే ఆశ్చర్యం వేసింది. మేడమ్ లేచి పక్క కుర్చీ వెనక్కి లాగి, ఇక్కడ కూర్చో అంది. రిపోర్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆలస్యం చెయ్యడం మంచిది కాదేమోనని గొణిగాడు. ఆ గొణుగుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం కొత్తమ్మాయి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది, బస్సులో కూర్చుంటే ఆ సంతోషం తొందరగా అయిపోతుందేమో అన్నట్టు.

ఆ తర్వాత బాబాయి అడిగినప్పుడల్లా, ఫొటోలు చాలా బాగా వచ్చాయనీ, పెద్ద వార్త కాబట్టి కాస్త టైం పడుతుందనీ చెబుతూ వచ్చింది. ఆయన నమ్మాడు. లిఫ్టు పడిన రోజు నుంచి మాత్రం, వార్త మేడమ్ ఆపించిందని ఆమె తనకు తాను చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చెప్పుకుందంటే చివరికి అదే నిజమని నమ్మింది.

"నేను నిన్ను తప్పుపట్టడం లేదు," అంది మేడమ్. "ఆలోచన బాగుంది. ఇప్పటికీ బాగానే ఉంది. చూడు, ఒక్క సీటు మిగల్లేదు."

కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మేడమ్ ఆమె చేతికి ఒక టిష్యూ ఇచ్చి, మీ బాబాయి ఫోను ఎక్కడుందని అడిగింది. లిఫ్టుతో పాటే పడి నుగ్గునుగ్గయిందని ఆమె చెప్పింది. మేడమ్ తల పంకించింది. ఆ తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు ఎడిటర్ గారితో నీ పోస్టు సంగతి మాట్లాడుతున్నాను. పర్మనెంట్ చేద్దామని. ఇప్పుడు విను. మీ పిన్ని అడిగితే నిన్ను పైకి పిలుస్తాను. ఏం చెప్పాలో నీ ఇష్టం. నిజం చెప్పినా నేనేమీ అనుకోను. ఆవిడ ఏమనుకుంటుందో మాత్రం నేను చెప్పలేను."

అని మళ్ళీ చీటీలు అందుకుంది.

*

సభ మొదలైంది. హాల్లో దీపాలు తగ్గించి వేదిక మీద ఒక్క వెలుగు ఉంచారు. రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద రెండు గ్లాసులు. కొత్తమ్మాయి వేదిక పక్క మెట్ల దగ్గర అదనపు మైకు పట్టుకుని నిలబడింది. అది ఆమె పనే.

మేడమ్ పిన్నిని మెల్లగా, ఎంతో ఆప్యాయంగా ప్రశ్నలడిగింది. ఆ శబ్దం వినపడినప్పుడు ఎక్కడున్నారని అడిగింది. స్టవ్ దగ్గరున్నానని, పై ఇంట్లో బీరువా పడిందనుకున్నానని పిన్ని చెప్పింది. కిందికి ఎలా వెళ్ళారని అడిగితే, లిఫ్టు కోసం బటన్ నొక్కానని, ఎంతకీ రాకపోతే మెట్లు దిగానని చెప్పింది. హాల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. పిన్ని కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. మేడమ్ ఒక నిమిషం ఆగి, గొంతు ఇంకా తగ్గించింది.

"ఆయన చివరిసారిగా మీతో అన్న మాట ఏమిటి?"

"ఆయన ఇంకా బతికే ఉన్నారమ్మా," అంది పిన్ని.

మేడమ్ రెప్ప కూడా వెయ్యలేదు. ప్రమాదానికి ముందు అని తన ఉద్దేశమని చెప్పి, పిన్ని చేతి మీద చెయ్యి వేసింది.

పిన్ని ఆ చెయ్యి కింద నుంచి తన చెయ్యి తీసుకుంది. మైకును రెండు చేతులతో పట్టుకుని, ముందు వరస తెల్ల కుర్చీల వైపు చూసింది. ఎడిటర్ గారు ఎవరో ఆమెకు తెలియదు కాబట్టి అందరినీ చూస్తూ మాట్లాడింది.

"ఇక్కడ పేపరువాళ్ళంతా ఉన్నారన్నారు. నాకు ఒక్క విషయం చెప్పండి. తాడు తెగుతోందని మా ఆయన ఫొటోలు తీసి మీ పేపరుకి ఇచ్చారు. పడకముందే ఇచ్చారు. వేస్తారు, వేస్తారు అని ప్రతి వారం నాతో అనేవారు. మీరు వేసి ఉంటే ఆ లిఫ్టు ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. ఎందుకు వెయ్యలేదు?"

ఎడిటర్ గారు కుర్చీలో కదిలారు. వెనక వరసలో కూర్చున్న రిపోర్టరు తల వంచుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. వెనకెక్కడో ఒక మనిషి, అడిగింది న్యాయంగానే ఉంది చెప్పండి అన్నాడు.

మేడమ్ చిరునవ్వు నవ్వలేదు, మొహం మాడ్చుకోనూ లేదు. ఈ ప్రశ్న అడిగినందుకు పిన్నికి కృతజ్ఞతలు చెప్పింది. నిజాన్ని దాచని పత్రిక ఇది కాబట్టి, సమాధానం తెలిసిన మనిషే చెప్పడం న్యాయమంది. ఆ మనిషి ఈ ఆఫీసులోనే పనిచేస్తోందనీ, ఈవిడకు సొంత అక్క కూతురనీ సభకు చెప్పింది. తర్వాత మెట్ల వైపు తిరిగి, "రా అమ్మా," అంది.

వెలుగు మెట్ల మీదకు జరిగింది. కొత్తమ్మాయి చేతిలో మైకు ముందే ఉంది. ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు. పిన్ని ఆమెను చూసి కంగారుపడింది. నిన్ను ఇందులోకి లాగాలనుకోలేదమ్మా అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ చెయ్యి చూశాక నిజం గొంతు దాకా వచ్చింది. చెబితే, ఇన్నాళ్ళుగా తనను కడుపులో పెట్టుకుని చూసుకున్న పిన్ని మొహం ఎలా మారిపోతుందో కూడా కళ్ళకు కట్టింది. ఆ మార్పు చూడలేననుకుంది. పోస్టు సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదని ఆమె తర్వాత అనుకునేది గానీ, గుర్తొచ్చింది.

"బాబాయి ఫొటోలు తీశానన్నారు," అంది. "పంపిస్తానన్నారు. నాకు అందలేదు పిన్నీ."

తన గొంతు స్పీకర్లలోంచి రెండోసారి వినపడింది.

"అంటే, ఫొటోలు అంది ఉంటే మనం వేసేవాళ్ళమేనా?" అని మేడమ్ అడిగింది.

"వేసేవాళ్ళం."

"ఆపేవాళ్ళం కాదుగా?"

"కాదు."

వెనక వరసలో రిపోర్టరు లేచాడు. అందరి తలలూ అటు తిరిగాయి. అతను నోరు తెరిచాడు గానీ, ముందు వరసలోంచి ఎడిటర్ గారు మెడ తిప్పి చూసేసరికి మూసుకున్నాడు. పక్కవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.

పిన్ని అలాగా అంది, తనలో తాను అనుకున్నట్టు. మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

"అయితే ఆయనే నాకు అబద్ధం చెప్పారన్నమాట. ఇన్ని వారాలూ. నాకు తెలియక లేనిపోని మాట అన్నాను. ఏమీ అనుకోకండి."

అని లేచి నిలబడి, ముందు వరసకు రెండు చేతులూ జోడించింది.

జనం చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. చప్పట్లు పూర్తిగా ఆగకముందే మేడమ్ అందుకుంది. ఒక మనిషి కష్టపడి తీసిన ఫొటోలు పత్రిక దాకా చేరని రోజు మళ్ళీ రాకూడదంటే ఈ పత్రిక బతకాలని, అది మీ చేతుల్లోనే ఉందని చెప్పింది. చీకటి హాల్లో ఫోన్లు ఒక్కొక్కటీ వెలిగాయి. అందరూ చందాలు పంపుతున్నారు.

*

వేదిక వెనక గదిలో పిన్ని అదే కుర్చీలో, మళ్ళీ అంచుకే కూర్చుంది. కొత్తమ్మాయి తలుపు దగ్గరే నిలబడిపోతే దగ్గరికి పిలిచి, చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు పక్కకు తీసింది. నీ తప్పేముందే పిచ్చిదానా అంది. అందరి ముందూ నిలబెట్టి మాట్లాడించారు, భయపడ్డావా అని అడిగింది.

తర్వాత ఆమె మాట భర్త మీదికి మళ్ళింది. ప్రతి వారం పత్రిక రాగానే ముందు తనకే చూపించి, ఈ వారం కాకపోతే పై వారం అనేవాడని చెప్పింది. తనను ఊరడించడానికి అన్నాడా, గొప్పకు అన్నాడా అర్థం కావడం లేదంది. ఆ మాట నమ్మి భవనంలో పదిమందికీ చెప్పానంది. పేపరువాళ్ళు చూసుకుంటారులే అని వాళ్ళూ ఊరుకున్నారు. లిఫ్టులో పోయిన ఇద్దరి ఇళ్ళలోనూ ఇప్పుడు తన మొహం చూడడం లేదు.

"స్పృహలేని మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చా?" అని అడిగింది. నిజంగానే జవాబు కావాలన్నట్టు చూసింది. "నాకు వస్తోందమ్మా. ఈ పూట ఆసుపత్రికి నువ్వెళ్ళు. నాకు ఆయన మొహం చూడాలని లేదు."

కొత్తమ్మాయి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. పిన్నీ అని పిలిచింది. ఇక చెప్పేసేదే. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ఎడిటర్ గారు, ఆయన వెనకే మేడమ్ వచ్చారు. ఆయన పిన్నిని పలకరించి, ఆమె ధైర్యం తమకు ఎంతో నేర్పిందన్నారు. తర్వాత కొత్తమ్మాయి వైపు చూసి, నీలాంటివాళ్ళు పత్రికకు కావాలమ్మా అన్నారు. ఆమె లేచి నిలబడింది. థాంక్యూ సార్ అంది. ఆ రెండు మాటలూ చాలా తేలిగ్గా వచ్చాయి.

పిన్ని మొహం వెలిగింది. "ఉద్యోగం ఇచ్చేశారా?" అని అడిగింది. ఎడిటర్ గారు నవ్వి, ఇచ్చినట్టేనన్నారు. మా అక్కకు చెప్పాలి, ఎంత సంతోషిస్తుందో అంటూ పిన్ని మందుల సంచిలో ఫోను కోసం వెతుక్కుంది. చేతికి దొరికీ దొరక్కముందే అది మోగింది.

చెల్లెలు. పిన్ని ఫోను ఎప్పుడూ చెవికి ఆనించుకోదు, స్పీకరు పెట్టి మొహం ముందు పట్టుకుంటుంది. ఇప్పుడూ అలాగే పట్టుకుంది.

"అమ్మా, నాన్న కళ్ళు తెరిచాడు." చెల్లెలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "మాట్లాడుతున్నాడు. డాక్టరు ఇప్పుడే చూసి వెళ్ళారు. అక్క నీ దగ్గరే ఉందా? అక్కనే అడుగుతున్నాడు. ఫొటోలు చాలా బాగా వచ్చాయని అక్క చెప్పిందట కదా, మరి ఎప్పుడు వేస్తారో కనుక్కోమంటున్నాడు."

హాల్లోంచి మళ్ళీ చప్పట్లు వినపడ్డాయి, వేదిక మీద ఇంకెవరో మాట్లాడుతున్నారు.

కొత్తమ్మాయి ఫోను కోసం చెయ్యి చాపింది. పిన్ని దాన్ని ఆమెకు అందనంత దూరం జరిపింది. కళ్ళు మాత్రం కొత్తమ్మాయి మొహం మీదే ఉన్నాయి.

"ఫోను నాన్న నోటి దగ్గర పెట్టు," అంది కూతురితో. అవతల దుప్పటి కదిలిన చప్పుడు, ఆ తర్వాత బరువుగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించాయి. "ఏవండీ, నేనే. తొందరేమీ లేదు, మెల్లగా చెప్పండి. ఫొటోలు ఎవరికి పంపారు? మీతో ఎవరు ఏం చెప్పారు?"

మేడమ్ రెండడుగులు వెనక్కి వేసి, గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది.